నాలుగో డబ్బా

క్రీస్తుదాసుగారు “చివరి రీలు చూడాలి” అన్నారు. మంచం పక్కన మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నిఖిలకి అది “చివరి రీలు చేయాలి” అని వినబడింది. గొంతు సన్నబడిపోయిన మనిషి మాటలో రెండక్షరాల తేడా ఎంత? శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, కెనడాలోని ఏజాక్స్‌లో వాళ్ళింటి ముందు ఆగిన తొమ్మిది కార్లంత.

నిఖిల, దాసుగారింటి బేస్‌మెంట్లో అద్దెకుండే కరీంనగర్ అమ్మాయి. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పార్ట్‌టైమ్, మధ్యలో దాసుగారికి మజ్జిగ. పిల్ల మనసు మంచిది, చెయ్యి మరీ చురుకు. రూపవతిగారి ఫోను తీసుకుని తెలుగు చర్చి గ్రూపులో “మా ఆయన చివరి రీల్ చేస్తున్నారు, అందరూ రావాలి” అని ఆవిడ పేరు మీదే పెట్టేసింది. భార్యే పిలిచాక రానివాడెవడు? హాల్లో మంచం చుట్టూ క్వయరు ఆడవాళ్ళు తెల్లచీరల్లో వరస కట్టి ఉన్నారు. ఒకాయన డోలక్ తెచ్చాడు. ఒకావిడ దాసుగారి మొహానికి పౌడరు అద్దుతోంది. మంచం కాళ్ళ దగ్గర మూడుకాళ్ళ స్టాండు, దాని మీద గుండ్రటి లైటు.

“ఏవమ్మా నిఖిలా, పేషెంటు ఇంట్లో ఈ పేరంటం ఏంటి?” అన్నాను.

“తాతనే అడిగిండు అంకుల్. చివరి రీల్ చెయ్యాలె అన్నడు. నాకైతే ఏడుపొచ్చింది. మంచిగ లైట్ పెట్టి తీద్దామని…”

దాసుగారి కళ్ళకి వెలుగూ చీకటీ తప్ప మరేదీ తెలియక రెండేళ్ళయింది. ఆయన ఆ లైటు వైపు మొహం తిప్పారు. “ఇంత వెలుగేంటి, పరలోకం వచ్చేసిందా అనుకున్నాను. పక్కనే నీ గొంతు వినపడింది రాజూ. అయితే ఇంకా రాలేదన్నమాట.”

అందరూ నవ్వారు. రూపవతిగారు నవ్వలేదు. లైటు తీగ గోడలోంచి పీకేసి, “చూడాలి అన్నారమ్మా. చూడాలి!” అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

వచ్చినవాళ్ళకి టీలిచ్చి పంపించేసరికి గంట పట్టింది. ఈలోగా నేనెవరో చెబుతాను. నా పేరు సుబ్బరాజు, మాది భీమవరం దగ్గర. ఓక్‌విల్ కార్ల కార్ఖానాలో దాసుగారూ నేనూ పదకొండేళ్ళు ఒకే షిఫ్టు, ఒకే కారు. వెళ్ళేటప్పుడు గంటంబావు, వచ్చేటప్పుడు మంచు దయ. తలుపులు బిగించే లైన్లో ఆయనది ఎడమ తలుపు, నాది కుడి తలుపు. ఈ దేశానికి నర్సుగా ముందు వచ్చింది రూపవతిగారు. ఆయన డిపెండెంటుగా దిగారు. “అందరూ కెనడా వచ్చి పైకొచ్చారు, నేను మా ఆవిడ వెనకొచ్చాను” అనేవారు.

లైన్లో ఉన్నంతసేపూ ఆయన చెవుల్లోంచి ఇయర్‌ప్లగ్గులు తీసేవారు కారు. మేమంతా దురదని తీసేసి జేబులో పడేసేవాళ్ళం. “కళ్ళు పోతే పోనీ, చెవులు పోకూడదయ్యా. అవి నా వృత్తి” అనేవారు. ఏ వృత్తి అంటే, కారెక్కగానే మొదలుపెట్టేవారు.

కుర్రతనంలో ఆయన పాలకొల్లు వైపు ఒక మిషన్‌లో కామెంట్రీ చెప్పేవారు. తన దేశం వెళ్ళిపోతూ అక్కడి దొరగారు ఒక ప్రొజెక్టరు, కొన్ని బైబిలు బొమ్మలు, వాటి మధ్య ఎలా దూరిందో ఒక పాత హాలీవుడ్ బొమ్మ వదిలి వెళ్ళారు. నలుపు తెలుపు, ఇంగ్లీషు. దొరల ప్రసంగాలకి పక్కన నిలబడి వాక్యానికి వాక్యం తెలుగు చెప్పే అలవాటు అక్కడ ముందునుంచీ ఉంది. బొమ్మకీ అదే పద్ధతి. తెర మీద మనిషి పెదవి కదపగానే తెర పక్కన దాసుగారు మైకులో తెలుగు చెప్పాలి. ఆయన ఇంగ్లీషు అప్పటికి అంతంతమాత్రం. సగం మాటల్లోంచి, సగం మొహాల్లోంచి కథ లాగేవారు. మైకు పట్టుకుంటే ఆయనకి మైకం. దాసు కాస్తా ఊరికి దొర అయిపోయేవాడు.

బొమ్మ అసలు పేరు మొదటి రీలు గీతల్లో కొట్టుకుపోయింది. ఊళ్ళల్లో దాన్ని లాంతరు బొమ్మ అనేవారు. సముద్రం ఒడ్డున ఒక ఇల్లాలు. మొగుడు ఓడెక్కి వెళ్ళి రాడు. ఆవిడ రోజూ పొద్దుగూకేవేళ కిటికీలో లాంతరు పెడుతుంది. గాలివానలో ఒకసారి గాజు పగిలి మంట చేతికి అంటుకుంటుంది. అయినా ఆవిడ లాంతరు కింద పెట్టదు. చెయ్యి కాలుతుంటే తెర నిండా ఆవిడ మొహమే. లంక గ్రామాల్లో ఒక ముసలావిడ ఆ సీనప్పుడు లేచి, తెర దగ్గరికి వెళ్ళి, ఆ చేతికి కొబ్బరినూనె రాయబోయిందట.

ఆ ఊళ్ళోనే ఒక వడ్రంగి. ఆవిడ ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు, కిటికీ చెక్కలు బిగిస్తుంటాడు, ఆవిడ వైపు చూస్తుంటాడు. అక్కడితో మూడో డబ్బా అయిపోతుంది. నాలుగో డబ్బా లేదు. పంటు మీద గోదావరి దాటుతుంటే జారి నీళ్ళలో పడిపోయింది. అప్పటికి దాసుగారు ఆ రీలు ఒక్కసారి కూడా చూడలేదు. అడుగుదామంటే దొరగారు అప్పటికే దేశం వెళ్ళిపోయారు.

“మరి జనానికి ఏం చెప్పేవారండీ?” అని అడిగాను ఒకసారి.

“తెర మీద ఉత్త తెల్ల వెలుగు వేసి నేనే చెప్పేవాణ్ణయ్యా. ఏడేళ్ళకి మొగుడు తిరిగొచ్చాడనీ, ఆ వడ్రంగి వెధవని తన్ని తరిమేశాడనీ. ఒకటే చప్పట్లు! మూడు డబ్బాల బొమ్మకి నాలుగో డబ్బా నేను కొట్టాను.”

నేను పడీపడీ నవ్వేవాణ్ణి. పదకొండేళ్ళు నవ్వాను. ఆ కథలో నవ్వకూడని మనిషి ఒకరున్నారని ఆ శనివారం దాకా నాకు తెలియదు.

జనం వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళాను. రూపవతిగారు కడిగిన కప్పులే మళ్ళీ కడుగుతున్నారు.

“ఆ లాంతరు బొమ్మ చివరి రీలేగా అక్కగారూ ఆయన అడిగేది? మీ అమ్మాయి హోప్‌కి చెబితే ఇంటర్నెట్లో వెతికి పెడుతుంది. ఇన్నేళ్ళూ ఎందుకు చూడలేదో మరి.”

“భయం,” అన్నారావిడ. “వాళ్ళక్క ఉంది కదండీ.”

సువార్తమ్మ. దాసుగారికంటే నాలుగేళ్ళు పెద్ద. మొగుడు పోర్ట్‌బ్లెయిర్‌లో పనుందని ఓడెక్కాడు. రెండు ఉత్తరాలు రాశాడు, మానేశాడు. ఆవిడ పేరు సువార్త. ఆ తర్వాత ఏ వార్తా రాలేదు. నాలుగేళ్ళు చూసి, సంఘ పెద్దలు కూర్చుని, భార్య పోయిన అహరోను మాస్టారితో సంబంధం మాట్లాడారు. నెమ్మదైన మనిషి. ఇల్లు కురుస్తోందని విని, నిచ్చెన తెచ్చి తాటాకు సర్ది, మంచినీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడట.

“ఒప్పుకునేదే రాజుగారూ. ఆ వారమే వాళ్ళ పేటలో లాంతరు బొమ్మ వేశారు. ముందు వరసలో కూర్చుని తమ్ముడి మాటలన్నీ విన్నది. మర్నాడు సంబంధం వద్దనేసింది. ‘బొమ్మలో ఏడేళ్ళకి వచ్చాడుగా, నాకు నాలుగేగా అయింది’ అంది. ‘ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళ సంగతి మావాడు మైకులో చెప్పనే చెప్పాడు’ అంది.”

“అది తను కల్పించిందని చెప్పేస్తే పోయేదిగా?”

“ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడండీ. ఊరంతా చప్పట్లు కొడుతుంటే ‘లేదక్కా, అది నా సొంత కవిత్వం’ అంటాడా? అసలు బొమ్మలోనూ అలాగే ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నారు. ఏడేళ్ళయ్యాయి. పదిహేడయ్యాయి. యాభై దాటాయి. నిరుడు మేలో పోయింది మహాతల్లి. కిటికీలో లాంతరు పెట్టలేదుగానీ, వీధి తలుపుకి గడియ మాత్రం ఏనాడూ పెట్టలేదు.”

కుళాయి కట్టేశారు.

“ఆవిడ ఉండగా అసలు సంగతి తెలిస్తే, ఆవిడకి చెప్పాల్సొస్తుంది. అందుకే చూడలేదు. ఇప్పుడేమో ‘అక్క దగ్గరికే వెళ్తున్నాను రూపా, ఎదురొచ్చి అడుగుతుంది, నిజం బొమ్మలో ఏముందిరా అని. ఏం చెప్పను?’ అంటున్నారు. డాక్టరు వారాల్లో చెప్పేశాడు. అందులో మొగుడు వస్తే సరే. రాకపోతే…”

నేను జేబులోంచి ఫోను తీశాను.

మా హోప్ అంతా ఇక హోప్ మీదే. దాసుగారి కూతురు, ఇక్కడే పుట్టింది, పళ్ళ డాక్టరు దగ్గర పని. ఫోను చేస్తే మొదటి ప్రశ్నకే చిక్కుకుపోయాను.

“అంకుల్, వాట్స్ ద టైటిల్?”

“లాంతరు బొమ్మ.”

“దట్స్ నాట్ ఎ టైటిల్!”

చివరికి ఆ పిల్ల, చెయ్యి కాలే సీను మొత్తం ఇంగ్లీషులో రాసి, పాత సినిమాల పిచ్చివాళ్ళు కబుర్లు చెప్పుకునే చోట పెట్టింది. నాలుగు రోజులకి విన్నిపెగ్ నుంచి ఎవరో పెద్దావిడ జవాబు రాసింది. ఆ సీను తన పదో ఏట చూసిందట, ఇప్పటికీ లాంతరు ముట్టుకోదట. బొమ్మ పేరు చెప్పింది. ఆ పేరులో లాంతరూ లేదు, సముద్రమూ లేదు. ఆ బొమ్మనే ముప్పై ఏళ్ళ తర్వాత రంగుల్లో మళ్ళీ తీశారని కూడా రాసింది. హోప్ రెండూ సంపాదించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, హాల్లో దాసుగారు కునుకు తీస్తుండగా, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ముగ్గురం ముందు చూశాం. సౌండు బాగా తగ్గించాం.

మొదట పాతది. పొద్దున్నే వడ్రంగి ఆవిడ తలుపు దగ్గరికి వస్తాడు. తట్టడు. మెట్టు మీద ఏదో పెట్టి వెనక్కి తిరుగుతాడు. అది లాంతరుకి కొత్త గాజు. ఏడేళ్ళుగా గాజు పగిలినప్పుడల్లా ఆ మెట్టు మీద ఒకటి ఉంటుంది. దుకాణం వాడు పెడుతున్నాడని ఆవిడ నమ్మకం. ఇంకో మగవాడి కోసం వెలిగే దీపానికి గాజులు తెచ్చింది ఈయన. ఆ పొద్దున కిటికీలోంచి చూసేస్తుంది. చాలాసేపు నిలబడుతుంది. లాంతరు కిందికి దించి, ఊది ఆర్పేసి, తలుపు తీసి, అతను నడిచిన దారిన నడుస్తుంది. సముద్రం వీపు వెనక ఉండిపోతుంది. మొగుడు రాడు. ఎందుకు రాలేదో కూడా చెప్పరు.

“హి వాజ్ ద గుడ్ గై,” అంది హోప్. ముక్కు తుడుచుకుంది.

తర్వాత రంగులది. అందులో మొగుడు వచ్చేస్తాడు. వడ్రంగి దొంగ అని తేలుతుంది. ముద్దులు, మురళీ సంగీతం. అచ్చం దాసుగారి నాలుగో డబ్బా. గోదావరిలో పడ్డది తేలి హాలీవుడ్ చేరిందా అనిపించింది. రీమేకు అన్నారు, ఉన్న బొమ్మకి మేకు కొట్టారు.

రూపవతిగారు లేచి నిలబడ్డారు. “రంగులదే పెట్టండి.”

“మమ్మీ, దట్స్ లయింగ్.”

“ఆయనకి రంగు తెలియదుగా!” అని నా వైపు తిరిగారు. “రాజుగారూ, మీరే చెప్పాలి.”

మాటలు ఆయనకి అర్థమవుతాయి, ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్న మనిషి. కనబడేది చెప్పడానికే ఒకడు కావాలి. పదకొండేళ్ళు కారులో నన్ను నవ్వించిన మనిషికి ఒక అబద్ధం చెప్పలేనా అనుకున్నాను. ఒప్పుకున్నాను.

మూడు దిండ్లు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టాం. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని గొంతు సవరించుకున్నాను. “దాసుగారూ, ఓడ కనబడుతోందండోయ్! జెండా, పొగగొట్టం! రేవంతా జనం. అదుగో దిగుతున్నాడు, గడ్డం పెంచాడు, మీ పాస్టరుగారిలా ఉన్నాడు. ఆవిడ పరిగెడుతోంది, చెప్పు జారిపోయింది, అయినా ఆగలేదు…” నా గొంతు మామూలుగానే వీధి చివరి దాకా వినబడుతుంది. ఆ రోజు ఎక్కడో దేశం సరిహద్దులో ఉన్న సార్నియా దాకా వినబడి ఉంటుంది.

తెర మీద ఆవిడ మొగుడి పేరు పిలిచింది. దాసుగారు చెయ్యెత్తారు.

“ఆపమ్మా హోప్. ఎవరావిడ?”

“ఆవిడేనండీ. ఇల్లాలు,” అన్నాను.

“కాదు. మా లాంతరావిడకి ‘స’ పలికేటప్పుడు పళ్ళ సందున చిన్న ఈల వస్తుంది. రెండొందల ఆటలు ఆడించాను రాజూ. ఆవిడ ఊపిరి తీసుకున్నచోట నేనూ తీసుకునేవాణ్ణి, లేకపోతే మాట కలవదు. ఈవిడెవరో నాకు తెలియదు.”

దాసుగారు గాల్లో చెయ్యి చాపారు. రూపవతిగారు వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నారు.

“నువ్వేనా రూపా ఇది పెట్టమంది?”

“నేనే.”

“మంచిదానివి. అసలుది పెట్టమను.”

హోప్ పెట్టింది. పాత బొమ్మ సంగీతం వణుకుతూ మొదలైంది. ఆవిడ ఒక్క మాట అనగానే దాసుగారి మొహం వెలిగింది, చాలా కాలానికి సొంత ఊరి మనిషి గొంతు విన్నట్టు. తర్వాత మాటలు లేవు. ఆ చివరి పావుగంటలో మాటలే లేవు. చూపులే. అంతా నేనే చెప్పాలి.

“వడ్రంగి వచ్చాడండీ,” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. “మెట్టు మీద గాజు పెట్టాడు. లాంతరు గాజు. ఇన్నాళ్ళూ పెట్టింది అతనేనండీ.”

ఆయన పెదవులు కదిలాయి. “వడ్రంగి గాజు పెట్టాడక్కా. ఇన్నాళ్ళూ పెట్టింది అతనే.”

నేను ఆగిపోయాను. ఆయన చూపుడువేలితో మంచం పట్టె మీద కొట్టారు, కానివ్వమని. ప్రసంగం పక్కన నిలబడేవాళ్ళు అలాగే చేస్తారట.

“ఆవిడ చూసింది,” అన్నాను.

“చూసిందక్కా.”

“లాంతరు దించింది. ఊదేసింది.”

“ఆర్పేసిందక్కా.”

“తలుపు తీసి వెళ్ళిపోతోంది. అతని వెనకే. మొగుడు… మొగుడు రాలేదండీ.”

ఆయన ఆ వాక్యం తిరిగి చెప్పలేదు. బొమ్మ అయిపోయింది, పేర్లు పడ్డాయి, సంగీతం ఆగింది. హోప్ లాప్‌టాప్ మూసింది. రూపవతిగారు నర్సు గనక ఆయన నాడి పట్టుకుని కూర్చున్నారు. అది నాడి కోసం కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆయన చెప్పిన మొదటి మాట, “శుక్రవారం అందర్నీ పిలువు. సాక్ష్యం చెప్పాలి.”

వాళ్ళ సంఘంలో సాక్ష్యం అంటే లేచి నిలబడి, దేవుడు తనకి చేసిన మేలు నలుగురికీ చెప్పడం. ఆయన నిలబడలేరు గనక సంఘమే హాల్లో మంచం చుట్టూ కూర్చుంది. ఐదింటికి ప్రార్థన అయింది, పాట అయింది. వచ్చినవాళ్ళలో పాలకొల్లు వైపు నుంచి వచ్చిన అనిత అనే ఆవిడ ఉంది. లాంతరు బొమ్మ మాట ఎత్తగానే ఆవిడ సంబరపడిపోయింది.

“అయ్యో అంకుల్, అది మీరు చెప్పిన బొమ్మేనా! మా అమ్మ ఇప్పటికీ చెబుతుందండీ. ఏడేళ్ళకి మొగుడొచ్చి ఆ వడ్రంగోణ్ణి తంతాడు కదా?”

“అదేనమ్మా చెప్పాల్సింది,” అన్నారు దాసుగారు. ఆయన గొంతు చివరి వరసకి అందదని నేను పక్కన కూర్చుని వాక్యానికి వాక్యం గట్టిగా చెప్పాను. ఈ గొంతుకి నా జన్మలో దొరికిన సరైన పని అదొక్కటే.

“నాలుగో డబ్బా గోదావరిలో పోయింది. నేను చూడలేదు. చూసినట్టు చెప్పాను. మీ అమ్మగారు విన్నదీ, మా అక్క విన్నదీ బొమ్మ కాదు, నేను. మొన్న అసలు బొమ్మ విన్నాను. వడ్రంగి ఆవిడ దీపానికి గాజులు తెచ్చిపెట్టేవాడు. ఆవిడకి తెలియకుండా, ఏడేళ్ళు. నేను వాణ్ణి చెడ్డవాణ్ణి చేసి మైకులో చెప్పాను. అది విని మా అక్క, ఇంటి కప్పు సర్దడానికి వచ్చిన అహరోను మాస్టారిని అలాంటివాడే అనుకుంది. ఆయన కూడా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరూ పోయారు. మీ అమ్మగారికి ఫోను చేసి చెప్పమ్మా. అక్కడ ఆ బొమ్మ గుర్తున్నవాళ్ళు ఎవరున్నా వాళ్ళకీ చెప్పు.”

సాక్ష్యం అయిపోతే స్తోత్రం అనాలి. ఎవరూ అనలేదు. వెనకనుంచి నిఖిల చిన్నగా అడిగింది.

“గట్లయితే ఆమె పెనిమిటి రాలేదా, తాతా?”

“రాలేదమ్మా. ఆవిడకీ రాలేదు, మా అక్కకీ రాలేదు. వస్తాడన్నది నేనొక్కణ్ణే.”

అది కూడా గట్టిగా చెప్పమని ఆయన నా మోకాలు తట్టారు. చెప్పాను.